జారిపడకముందే అందిన సెలవు మెయిల్

మేనేజరు గారికి,

నమస్కారాలు. మెయిల్ మీద నమ్మకం పోయి కాగితం మీద రాస్తున్నాను. సోమవారం ఎనిమిదింబావుకి, పేపరు కోసం మెట్లు దిగుతూ జారిపడ్డాను. చీలమండ వాచింది. ఎనిమిదీ యాభైకి సెలవు మెయిల్ పంపాను. అది మీ కంప్యూటర్లో ఏడూ యాభైకే అందినట్టు ఉందట. పడబోతున్న సంగతి పాతిక నిమిషాల ముందే ఎలా తెలిసిందో సంజాయిషీ ఇమ్మని మన ప్రెస్సు ఓనరు మేడమ్ అడిగారు. నేను ప్రూఫ్ రీడర్ని, జ్యోతిష్కుణ్ణి కాను. మీ కంప్యూటరు గడియారం ఒకసారి చూడండి.

ఇట్లు,
ప్రూఫ్ రీడర్

తా.క. బావా, హెడ్ ప్రూఫ్ రీడర్ పోస్టు ఎవరికో తేల్చేది ఈ నెలాఖరుకే. ఇప్పుడు అబద్ధాలకోరని ముద్ర పడితే ఎలా? ఈ చీటీ అక్కతో పంపిస్తున్నా. చదవకుండా ఇస్తుందని ఆశ లేదు.

ప్రూఫ్ రీడర్ గారికి,

మీ లేఖ అందింది. కంప్యూటరు భేషుగ్గా ఉంది. మీ చేతి గడియారం చూపించుకోగలరు.

ఇట్లు,
మేనేజరు

తా.క. ఒరే, ఏడుంబావుకే పడ్డానని రాసిచ్చెయ్. గంట ముందు పడితే ఎక్కువ నొప్పా? కంప్యూటరు జోలికి మాత్రం పోకు.

మేనేజరు గారికి,

ఏడుంబావుకి నేను మెట్ల మీద ఉన్నానంటే మా ఆవిడే నమ్మదు. పైగా తప్పు కళ్లబడ్డాక దిద్దకుండా వదలడం నా వల్ల కాదు. మిగతా మెయిళ్లూ గంట వెనకే చూపిస్తున్నాయని టైపిస్టు అంటోంది. మేడమ్‌కి అర్జీ పెట్టాను. రేపు మెకానిక్ వస్తాడు.

ఇట్లు,
ప్రూఫ్ రీడర్

తా.క. మూడేళ్లలో నా హాజరు మీద ఒక్క మెమో లేదు బావా. కాస్త అటూ ఇటూ అయినా మేడమ్ ఏమీ అనరు. నా పనంటే ఆవిడకి అంత గౌరవం. అది పోగొట్టుకోమంటావా?

ప్రూఫ్ రీడర్ గారికి,

అర్జీ వెంటనే వెనక్కి తీసుకోగలరు.

ఇట్లు,
మేనేజరు

తా.క. బతిమాలుతున్నాన్రా. మీ అక్క కూడా.

ప్రూఫ్ రీడర్ గారికి,

మీరే గెలిచారు. మెయిళ్లు సరైన టైముకే వస్తున్నాయట. మన కంప్యూటర్లోనే గంట వెనకున్న దేశం టైమ్ పెట్టి ఉంది. మెకానిక్ మార్చగానే మీ సెలవు మెయిల్ ఎనిమిదీ యాభైకి వచ్చి కూర్చుంది. మీరు నిజమే చెప్పారని మేడమ్ ఒప్పుకున్నారు.

దాంతోపాటు పాత మెయిళ్లన్నీ గంట ముందుకు జరిగాయి. ఆవిడ ప్రెస్సుకి వచ్చేది మధ్యాహ్నమే కాబట్టి, రోజూ మనం పంపే ‘వచ్చాను’ మెయిళ్లే హాజరు పట్టీ కదా. మూడేళ్లుగా తొమ్మిదికి ఉన్న మీవన్నీ ఇప్పుడు పదికి ఉన్నాయి. హెడ్ పోస్టు మాట ఇక ఎత్తొద్దన్నారు. ఎనిమిదికే వస్తోందని టైపిస్టుకి ఇచ్చిన ప్రశంసాపత్రం కూడా వెనక్కి అడిగారు.

ఇట్లు,
మేనేజరు

తా.క. ఆ టైమ్ మార్చింది నేనే. నువ్వు పొద్దున్నే లేవలేవు, ఈ ఉద్యోగం కూడా ఊడుతుందని మీ అక్క ఏడిస్తే చూడలేకపోయాను. ఇప్పుడు నాకూ మెమో వచ్చింది. నా సంజాయిషీ దీనికి జతచేశాను, అచ్చుతప్పులుంటే చూసి పంపు. అందులో నీ ఊసు ఎక్కడా ఎత్తలేదు. అది కూడా తప్పేనని దిద్దేవు సుమా!