చెల్లమ్మ ఎద్దు కుడికన్ను

తమ్ముడు సీతారామూ, పోయిన తై నెలలో, సంక్రాంతి దాటినాక, నువ్వు చెల్లమ్మకు అమ్మిన ఎద్దుకు కుడికన్ను కనిపించేదా, లేదా?

సోమవారం రాజపాళయం సంతదారిలో మిల్లు నడిపే మొదలాళి కారు ఆ ఎద్దును గుద్ది కాలు విరిచేసింది. నిన్న పంచాయతులో డ్రైవరు కేశవన్ దాని కుడిపక్కన పచ్చగడ్డి ఆడించి చూపినాడు. అది తల తిప్పలేదు! "గుడ్డెద్దును రోడ్డు మీదికి తోలి, తప్పు నాదంటారా?" అన్నాడు. చెల్లమ్మ ఊరుకుంటుందా? "రెండు కండ్లుండి నీకు ఎద్దంత ఎద్దు అగుపడలేదే! దాని కన్ను నీ కారు గుద్దినాకే పోయింది" అని మీదికి పోయింది. జనం ఒకటే నవ్వు.

నేను పారాయణ పుస్తకం ఎత్తి పట్టి లేచినాను. "అమ్మినవాడు నా తమ్ముడే. వాడు వచ్చి దీని మీద చెయ్యి పెట్టి చెప్పనీ" అని గర్జించినాను. మొదలాళి కూడా ఒప్పుకున్నాడు! ముందు కన్ను బాగుండింటే ఆయన వేరే ఎద్దును ఇస్తాడు. ముందే పోయింటే నువ్వు ఇయ్యాల. మగదిక్కు లేని ఆమె దుక్కి నిలిచిపోయిందిరా.

కావాలనే కవరు మానేసి కార్డు రాసినాను. పోస్టుమాను మొదలు ఊరంతా చదవనీ!

అమ్మ దగ్గు తగ్గిందా? అటక మీది నా భజన తాళాలు తీసుకొని రా. పిల్లలను పెరుమాళ్ళు చల్లగా చూడనీ, వాళ్ళకు ఈ పెదనాన్న రంగసామి ఆశీస్సులు.

శనివారం పొద్దున తీర్పు. కన్ను బాగుండిందంటే ఒక్కడివే రా. లేదంటే నీ ఎర్రెద్దును తోలుకొని రా. కార్డు అందిన దినమే, చదివి, నిలిచిన కాలు మీదే బయలుదేరు!