అయితది తియ్

మంగళవారం, మార్చి నెల

'అయితది తియ్.' ఈ మాట వింటేనే ఒళ్లు మండిపోతోంది. ఎవరు చేస్తారో, ఎప్పుడు చేస్తారో ఏమీ చెప్పని మాట. మా ఆయనకు మాత్రం అన్నిటికీ అదే జవాబు.

పొద్దున్నే మబ్బు చూసి చెప్పాను. కళ్లంలో మిర్చి అంతా ఆరబోసి ఉంది, మరిది పాల్వంచకు పట్టుకుపోయిన టార్పాలిన్లు జల్దీ తెమ్మన్నాను. "అయితది తియ్, గాభరా పడకు" అని చాయ్ తాగుతూ కూర్చున్నాడు. సాయంత్రం వాన దంచికొట్టింది. చీరలూ దుప్పట్లూ కప్పినా ఆగలేదు. ఎర్రటి కాయలన్నీ నాని ముద్దయ్యాయి. ఇక తెల్లబడి, సగం ధర కూడా పలకని తాలుకాయ కావడమే. ఆ బురదలో నిలబడే, "ఎండుతది తియ్" అన్నాడు.

ఇప్పుడు పక్కన పాప దగ్గుతోంది. నెల నుంచీ ఇదే దగ్గు. దవాఖానాకు పోదామంటే, "తగ్గుతది తియ్, పిల్లలన్నంక దగ్గు రాదా ఏంది?" అంటాడు.

మిర్చి పోతే వచ్చే ఏడు పండుతుంది. పొద్దున మొదటి బస్సుకే పాపను భద్రాచలం తీసుకుపోతాను. ఆయనను అడగను. వచ్చాక ఎక్కడికి పోయావని అడిగితే మాత్రం, 'తెలుస్తది తియ్' అంటాను.