ముళ్ళతీగ లోపల లావెక్కినవాళ్ళు

14 జూలై 1957, ఆదివారం

డాక్టరుగారూ, నిన్న మా కూలీ లైన్ల డిస్పెన్సరీలో మీరన్నది తప్పు. మా కోడలు కూర్మమ్మకు బద్ధకం లేదు. కాపురానికొచ్చిన మర్నాటి నుంచి చీకటితో లేచి రబ్బరు చెట్లు గీసిన మనిషి. ఈ ఎస్టేటులో ఆమె నడకను ఏ మగవాడూ అందుకోలేదు. ఈ మాట మీ ముఖానే అనాల్సింది. మీ ఇంగ్లీషుకు నాది తీసిపోదు కూడాను. కానీ మందు మీ చేతిలో ఉంది. అందుకని నోరు మూసుకుని ఇంటికొచ్చి, మీరెప్పుడూ చదవని చోట రాస్తున్నాను.

షుగరట. ఒళ్ళు తగ్గాలట. రోజూ బాగా నడవాలట. ఇలాగే కూర్చుంటే కాళ్ళు పోతాయట.

16 జూలై

డాక్టరు దగ్గర కట్లు కట్టే డ్రెస్సరు జయరామ్ నోట్లో నువ్వుగింజ నానదు. మేనేజరు దొరసానికీ అదే డాక్టరట, అదే జబ్బట. తూకంలో కూడా ఇద్దరికీ పెద్ద తేడా లేదట. ఆమెతో మాత్రం, అంతా ఈ దేశపు ఎండ వల్లే, కామెరన్ హైలాండ్స్ వెళ్ళి చల్లగాలికి తిరిగి రండి అన్నాడట. అంటే తెల్ల ఒళ్ళు ఎండకు లావెక్కుతుంది, నల్ల ఒళ్ళు బద్ధకానికి. మెడికల్ సైన్స్.

19 జూలై

బియ్యం అడవిలో దాక్కుని దొరలతో పోరాడే కమ్యూనిస్టులకు చేరకూడదని మా ఇళ్ళ చుట్టూ ముళ్ళతీగ వేశారు; పొద్దున్నే పనిలోకి పోయే ప్రతి ఆడదాన్నీ దాని గేటు దగ్గర తడిమి చూస్తారు. కూర్మమ్మది మొదటి నుంచీ భారీ మనిషి. నిరుడు సోదా చేసే ఆవిడ అనుమానపడి, టార్పాలిన్ తెర వెనక్కి తీసుకుపోయి చీర విప్పించింది. బియ్యం లేదు. బయటికొచ్చి, అంతా సొంత సరుకేనని పోలీసులకు తమిళంలో చాటింది. వరసంతా నవ్వింది.

ఆ రోజు నుంచి కూర్మమ్మ గేటు దాటలేదు. గుమ్మంలో కూర్చుంది. కూర్చున్నకొద్దీ ఒళ్ళు పెరిగింది, ఒళ్ళు పెరిగినకొద్దీ గేటంటే భయం పెరిగింది.

దొరసాని కారు గేటు దగ్గర ఆగనే ఆగదు. ఆ గౌను కింద బస్తా బియ్యం పడుతుంది.

ఇవాళ మళ్ళీ బతిమాలాను. "నాను రానత్తా. మళ్ళీ ఆళ్ళ సేత పొట్ట పిసికించుకోమంతావేటి?" అంది. నా కొడుకు పైడయ్య పొగగూట్లో రబ్బరు షీట్లు ఎండబెట్టి వస్తాడు, అన్నం తిని పడుకుంటాడు.

23 జూలై

గేటు వద్దులే, లైన్ల ఇళ్ళ మధ్యే నడవమన్నాను. రెండు రోజులు నడిచింది. పక్కింటావిడ పాపాయి "ఏటొదినా, ఏటి పారేసుకున్నావు లా?" అని ఇక్కడివాళ్ళ "లా" తగిలించి అడిగింది. మానేసింది. ఇక్కడ పని లేకుండా నడిచేది దొరలూ పిచ్చివాళ్ళూ.

31 ఆగస్టు

మెర్డెకా, ఈ దేశానికి స్వాతంత్ర్యం. పిల్లలను లారీల్లో సుంగై సిపుట్ ఊళ్ళోకి తీసుకుపోయారు, చేతికో జెండా ఇచ్చి. అందరూ వెళ్ళారు. కూర్మమ్మ గుమ్మంలోనే ఉంది.

2 సెప్టెంబర్

స్వాతంత్ర్యం వచ్చిన సంగతి ముళ్ళతీగకు ఎవరూ చెప్పినట్టు లేదు. అదే గేటు, అదే తెర, అదే ఆవిడ.

5 సెప్టెంబర్, ఉదయం 9

పాపాయిని తక్కువ అంచనా వేశాను. నిన్న దానికి డాక్టరు మాట చెప్పాను, కాళ్ళు పోతాయన్న మాట. రాత్రి ఇల్లిల్లూ తిరిగిందట. ఇవాళ లైన్లలోని ఆడవాళ్ళందరూ నడుములకు పాతగుడ్డలు చుట్టుకుని పీపాల్లా గేటుకు వచ్చారు. నూకమ్మను చూస్తే నేడో రేపో పురుడు పోసుకునేలా ఉంది. పాపాయి మా గుమ్మంలోకొచ్చి "రా వదినా, నీకంటే నానే లావు, సూడు" అని కూర్మమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

సోదా చేసే ఆవిడ ఒక్కొక్కరినీ తెర వెనక విప్పించాలి, మళ్ళీ కట్టించాలి. ఎండెక్కితే చెట్టు నుంచి పాలు దిగవు. కూలీల మేస్త్రీ, కంగాణి మణియం తల బాదుకున్నాడు. చివరికి మేనేజరు దొరే వచ్చి పోలీసుల మీద అరిచాడు. అందరినీ వదిలేశారు. కూర్మమ్మ మీద ఎవరి చెయ్యీ పడలేదు. చెట్లలోకి పోతూ నవ్వింది. ఆ నవ్వు విని ఏడాదైంది.

20 సెప్టెంబర్

రోజూ పోతోంది. రవికె వదులైంది. గేటు దగ్గర ఇప్పుడు భుజం తట్టి పంపేస్తున్నారట. సంతోషం గురించి రాయడం నాకు చేతకాదు.

8 అక్టోబర్

నాలుగు రోజులుగా ఇంట్లో వాసన. పులిసిన రబ్బరు పాల కంపనుకున్నాను. లైన్ల ఇళ్ళలో ఎప్పుడూ ఉండేదే. ఇవాళ కూర్మమ్మ కాలు చాచి కూర్చుంటే చూశాను. అరికాల్లో, చెట్టుకు కట్టి రబ్బరు పాలు పట్టే పాలచిప్ప పగిలిన ముక్క. చుట్టూ నలుపు. "నొప్పి నేదత్తా. నాకేటీ తెలీనేదు" అంది.

షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ ఉండదట. వట్టికాళ్ళతో అడుగు వెయ్యకూడదట. ఈ మాట డాక్టరు ఇవాళ చెప్పాడు. నడవమన్న రోజున చెప్పలేదు.

13 అక్టోబర్

కుడికాలు తీసేశారు. మోకాలి కింద నుంచి.

పైడయ్యకు చెప్పాలి. రేపు ఆస్పత్రికి పోతూ చీనావాడి కొట్లో గుడ్డబూట్లు కొనమని. వాడు జతే అమ్ముతాడు, బేరమాడకుండా జతే కొనాలి. కుడిది కొట్లోనే వదిలెయ్యాలి. ఇంటికి తేకూడదు.