నాలుగో ప్రశ్నకు జవాబు

ప్రొద్దుటూరు,
ఆదివారం.

చిరంజీవి అన్సర్‌కు మీ అమ్మ దిల్షాద్‌బీ సలాము చెప్పి, నీ తల నిమిరినట్టే అనుకుని రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మీ నాయనా బాగున్నాం. ఈ మాట రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు కాబట్టి రాశాను. పూటకింత వండుకుంటున్నాం, తింటున్నాం, ఎవరైనా పలకరిస్తే పలుకుతున్నాం. అంతవరకు బాగున్నట్టే.

కువైట్ నుంచి వచ్చే సింహాద్రిపురం మనిషి చేతికిచ్చి నువ్వు పంపిన ఉత్తరం బుధవారం అందింది. ఫోనులో మాట్లాడితే గదిలో అందరూ వింటారు, అందుకే రాస్తున్నానన్నావు. ఆ రోజు నుంచి నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో నాకే తెలియదు. బాగున్నా మా, బండి నడుపుతాండా అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తున్నావు. ఇన్ని గంటలు ఏ డ్రైవరూ బండి నడపడు, అంతమాత్రం నాకు తెలుసు. అందుకని నేనూ కాగితం తీశాను. సెలవుకు వచ్చిన నూరుల్లా మామ రేపు కువైట్‌కు బయలుదేరుతున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతాను.

నీ ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. మొదటి మూడింటికి జవాబులు నా దగ్గర ఉన్నాయి. నాలుగోది చదివినప్పుడు పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా లేవలేకపోయాను. ‘అట్లా పోయినోళ్ళు ఆడ ఎట్లుంటారు మా? చెల్లెల్ని మళ్ళా చూసేదానికి అయితాదా?’ అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకు నీ గురించి భయం పట్టుకుంది. నీ ప్రాణం గురించి భయం. దాచిపెట్టి ఏదో చుట్టూ తిప్పి రాయడం ఇష్టం లేక ముందే చెప్పేస్తున్నాను.

మొదట నాయన దగ్గు సంగతి. దగ్గు ఆయన కంటే బాగుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోమని డాక్టరు చెప్పాడు, ఈయన ఆ గుడ్డను మెడకు చుట్టుకుని తిరుగుతున్నాడు. దూది ఏకే మిషన్ దగ్గర ఇంకా గంటల తరబడి కూర్చుంటున్నాడు. ఈ మధ్య అందరూ షాపులో ఫోమ్ పరుపులు కొంటున్నారు కాబట్టి పని తక్కువే. అయినా మిషన్ ఆగదు. ఎందుకో రెండో జవాబులో తెలుస్తుంది.

చెల్లెలు మసరత్ పెళ్ళికి నాయన కుట్టిన పరుపు ఏమైందని అడిగావు. చెల్లెలు పోయి నలభై దినాలు అయ్యాక జమ్మలమడుగు నుంచి అత్తగారి వాళ్ళు ఆటోలో వేసి పంపించేశారు. దాని మీద పడుకోవడానికి అక్కడ ఎవరికీ ధైర్యం చాలలేదంట. నాకు కోపం వచ్చింది. నీ చెల్లెలు ఏమన్నా అంటురోగంతో పోయిందా? నాయన మాత్రం బ్లేడు తీసుకుని కుట్లు విప్పాడు, దూదంతా తీసి ఏకాడు, గోతాంలో కుక్కాడు. వారం తర్వాత మళ్ళీ తీసి ఏకాడు. ఎనిమిది నెలలుగా ఆ దూదినే ఏకుతూ ఉన్నాడు. అది ఇప్పుడు ఊదితే ఎగిరిపోయేటంత మెత్తగా అయిపోయింది.

మూడోది చెల్లెల్ని మట్టి చేసే ముందు చదివిన జనాజా నమాజు సంగతి. నాయనే చదివించాడంట, నిజమేనా అని అడిగావు. నిజమే. మన వీధి మసీదులో నమాజు చదివించే హజరత్, తాను ముందు నిలబడనన్నాడు. తమ చేత్తో తాము పోయినవాళ్ళకు పెద్దవాళ్ళు నిలబడరు, వేరే ఎవరైనా చదివించవచ్చు అన్నాడు. ఆ వేరే ఎవరైనా అనేవాడు ఎవడూ ముందుకు రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట. ఆడవాళ్ళం అక్కడికి పోము కదా, ఇదంతా పోయొచ్చిన మగవాళ్ళు చెప్పిందే. జుమ్మాకు ఎప్పుడూ ఆఖరి వరుసలో, తలలో దూది పీచుతో నిలబడే మనిషి మీ నాయన. ఆ రోజు ఆయనే నడుచుకుంటూ పోయి అందరి ముందూ నిలబడ్డాడు. ‘నా బిడ్డ. నేనే సదివిస్తా. రాని మాట ఉంటే ఎనకాల్నుంచి అందీండి’ అన్నాడంట. అల్లాహు అక్బర్ అని మూడు తక్బీర్లు చెప్పాడు. నాలుగోది చెప్పబోయి ఆగిపోయాడు. వెనకాల అంతమంది ఉన్నారు, ఒక్కరు కూడా తొందరపెట్టలేదు, దగ్గలేదు. చాలా సేపటికి చెప్పాడు. నీ చెల్లెలికి నమాజు లోటు లేదు. ఆ విషయంలో నీ మనసు కుదురు చేసుకో.

హజరత్ మీద నేను చాలా రోజులు మండిపడ్డాను. మూడో రోజు ఇంటికి వస్తే నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆయన వాకిట్లోనే నిలబడి, ‘నేను నిలబడకపోయింది బతికున్నోళ్ళ కోసరమమ్మా. నీ బిడ్డను కాదనేదానికి నేనెవర్ని? దువా చెయ్యి, తీర్పు ఆయనది’ అని చెప్పి పోయాడు. అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు. ఈ మధ్యే కొంచెం కొంచెం ఎక్కుతోంది.

మొన్న వెనక వీధి ఆండాళ్ పాత పరుపు ఏకించడానికి తెచ్చింది. అనంతరామయ్య పంతులు భార్య. ఆమె తమ్ముడు కూడా ఇట్లాగే పోయాడు, పన్నెండేళ్ళయింది. ఇన్నేళ్ళ పరిచయంలో ఆ మాట ఎప్పుడూ ఎత్తని మనిషి, మిషన్ చప్పుడులో నా పక్కన కూర్చుని చెప్పింది. వాళ్ళలో అట్లా పోతే నారాయణ బలి చేయించాలంట, అది అయితే గానీ మామూలు కర్మలు చేయరంట, అందాకా పైకి దారి దొరకదంట. అన్నీ పంతులే దగ్గరుండి చేయించాడు. అయినా ఆండాళ్ ఇప్పటికీ పొద్దున్నే గోడ మీద పెట్టే మెతుకులు కాకి ముట్టకపోతే ఆ రోజంతా అన్నం తినదంట. మన పుస్తకం వేరు, వాళ్ళ పుస్తకం వేరు. ఇద్దరం ఒకే చోట కూర్చుని ఏడ్చాం.

ఇక నాలుగో ప్రశ్న.

బుధవారం నుంచి దీనికి జవాబు వెతుకుతున్నాను. అల్లా దయామయుడు, మసరత్ చల్లగా ఉంటుంది, నువ్వు కలుస్తావు అని రాద్దామని కాగితం మీద పెన్ను పెట్టాను. పెట్టి ఆగిపోయాను. అట్లా రాస్తే నువ్వు ఏం చేస్తావో అని భయమేసింది. పోనీ, అట్లా పోయినవాళ్ళకు నిప్పే గతి అని రాద్దామా అంటే, చెల్లెలు నిప్పులో ఉందని తలుచుకుంటూ నువ్వు ఆ ఎండలో బండి నడపాలి. ఇట్లా రాసినా నిన్ను చంపినట్టే, అట్లా రాసినా చంపినట్టే. ఉత్తరం రాయడం ఇంత కష్టమని నాకు ఎన్నడూ తెలియదు.

పైగా నిప్పు గతి అని చెప్పడం ఎంత పని చేస్తుందో నేను చూసేశాను. ఈ మాట నాయనకు కూడా నిన్ననే చెప్పాను. నీకు ఇప్పుడు చెబుతున్నాను.

ఆ రోజు చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసిందని, నువ్వు తీయలేదని, తీసి ఉంటే ఉండేదేమోనని రాశావు. అన్సర్, నీ దగ్గరికి వచ్చింది ఫోను మోత మాత్రమే. నా దగ్గరికి మనిషే వచ్చింది.

పోయే ముందు రెండు వారాలకు మసరత్ మూడు రోజులు ఉండి పోదామని ఇంటికి వచ్చింది కదా. ఆ రోజే పక్కింటి సైదున్నీసా పెద్దమ్మ పోయింది. ఇరవై రెండేళ్ళుగా ఈ వీధిలో ఏ ఆడమనిషి పోయినా గుసుల్ చేయించేది, ఆఖరి నీళ్ళు పోసేది నేనే. నీళ్ళలో రేగాకు వేసి పొయ్యి మీద పెట్టి, పంచలో కూర్చుని, పెద్దమ్మకు చుట్టడానికి కఫన్ గుడ్డ కత్తిరిస్తున్నాను. ఐదు ముక్కలు, ఏదీ పొట్టి కాకూడదు. మసరత్ అవతలి కొస పట్టుకుని కూర్చుంది. కాసేపటికి, ‘మా, తమంతట తాము పోయినోళ్ళకు గూడా నువ్వు నీళ్ళు పోస్తావా?’ అని అడిగింది. ఎవరైనా మనిషే కదా, పోస్తానన్నాను. ఇంకో ముక్క కొస అందుకుంటూ, ‘వాళ్ళకు ఆడ ఏమైతాది?’ అంది.

అప్పుడు నా చేతిలో కత్తెర ఒక్క క్షణం ఆగింది. అది నిజం. ఆ పిల్ల ఊరికే అడగడం లేదని నా కడుపుకు తెలిసింది. తెలిసి కూడా తల ఎత్తలేదు. చచ్చినవాళ్ళ సంగతులన్నీ నాకే తెలుసునన్న పొగరు ఒకటి, గట్టిగా భయపెడితే ఆ ఆలోచన పారిపోతుందన్న తెలివి ఒకటి. ‘ఆడ గూడా అదే సావు మళ్ళా మళ్ళా సస్తాంటారు, కయామత్ దినం దాకా. జన్నత్ వాసన గూడా తగల్దు వాళ్ళకు’ అన్నాను. నేను ఎప్పుడూ ఎవరికైనా చెప్పేదే, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

‘సరేలే మా’ అని, కత్తిరించిన గుడ్డ మడత పెట్టి నా పక్కన పెట్టింది. ఇక భయం లేదనుకుని నేను సైదున్నీసా పెద్దమ్మ ఇంటికి పోయాను. మర్నాడే, మూడు రోజులు ఉంటానన్నది, జమ్మలమడుగు బస్సు ఎక్కింది.

అది అడిగింది ఆ లోకం గురించి కాదు. ఈ లోకంలో ఇంక నావల్ల కావడం లేదు మా అని చెప్పడానికి దానికి వేరే మాట దొరకలేదు, అంతే. కత్తెర కింద పెట్టి, ఏమైంది తల్లీ అని ఒక్క మాట అడిగి ఉండాలి. అడగలేదు. దానికి ఏం కష్టమొచ్చిందో ఇప్పటికీ మాకు పూర్తిగా తెలియదు. జమ్మలమడుగు వాళ్ళు ఒకటి చెబుతారు, వీధిలో వాళ్ళు పది చెబుతారు. అడిగి ఉంటే బతికేదా అంటే అదీ నాకు తెలియదు. అడిగి ఉండాల్సింది మాత్రం నేనే. నీ ఫోను కాదు. ఆ బరువు నీ మీద వేసుకోవద్దు, అది నాది.

చివరికి నీళ్ళు నేనే పోశాను. పోసేటప్పుడు నేను చెప్పిన మాటలే నా చెవిలో మోగుతూ ఉన్నాయి. గుసుల్‌లో చూసింది బయట చెప్పకూడదు కాబట్టి ఇంతకంటే రాయను. జుట్టు రెండు పాయలు తీసి గుండెల మీద వేశాను, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు వేసినట్టే.

అందుకని నీ నాలుగో ప్రశ్నకు నా జవాబు, నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళు తెలుసుననుకున్నాను. మసరత్ ఇప్పుడు ఆయన చేతిలో ఉంది, నేను ఐదు పూటలా దాని కోసం అడుక్కుంటున్నాను, నువ్వూ అడుగు. అక్కడ చూస్తావా లేదా అనేది నీ వయసు వాడు తేల్చుకునే సంగతి కాదు. నువ్వు ముసలివాడివై, నీ మనవళ్ళు నిన్ను విసుక్కుని, అప్పుడు పోయి చూసుకుందువులే.

నేను అడగాల్సింది ఇప్పుడు అడుగుతాను. నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా? అనిపిస్తే అనిపిస్తోందని చెప్పు. నేను తిట్టను, ప్రసంగం చెప్పను, నిప్పు మాట ఎత్తను. నిద్ర పడుతోందా, తింటున్నావా, పనిలో ఎవరన్నా ఏమన్నా అంటున్నారా, ఏది ఉన్నా నాకు కావాలి. నీ గదిలో ఉండే ముబారక్‌తో బుధవారం నుంచి రోజూ మాట్లాడుతున్నాను. నిన్ను ఒంటరిగా వదలొద్దని చెప్పాను. నీ గుట్టు బయట పెట్టానని కోపం వస్తే రానీ. బతికి ఉండి కోప్పడు, పడతాను.

అక్కడ ఇట్లాంటి బాధకు చూసే డాక్టర్లు ఉన్నారంట, మామ నిన్ను తీసుకుపోతాడు. కాదు, ఇంటికే రావాలనిపిస్తే వచ్చేయి. ఎవరేమనుకుంటారో అన్న మాట ఈ ఇంట్లో ఇక ఎవరూ అనరు. నిన్న నాయనకు అన్నీ చెప్పాక ఒక గంట గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత లేచి గోతాం విప్పి, కొత్త గుడ్డ పరిచి, ఆ దూదితో పరుపు కుట్టడం మొదలుపెట్టాడు. ఎవరికి అంటే, ‘అన్సర్‌కి, ఆరడుగులు ఉంటాడు గదా, కొలత సరిపోతాదా?’ అని నన్నే అడిగాడు. నేను ఇది రాస్తుంటే పక్కన సూది గుచ్చుతున్నాడు.

నూరుల్లా మామకు పులివెందులలో ఇంకా పద్దెనిమిది రోజులు సెలవు ఉంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆయనే టికెట్ ముందుకు జరుపుకున్నాడు. ఈ ఉత్తరం నీ చేతిలో పెట్టి వెళ్ళిపోవద్దని, నువ్వు ఆఖరి ముక్క చదివేదాకా నీ ఎదురుగా కూర్చోవాలని మాట తీసుకున్నాను. కాబట్టి ఇప్పుడు తల ఎత్తితే కనిపిస్తాడు. నాకు ఫోన్ కలపమని చెప్పు. గదిలో ఎంతమంది ఉన్నా ఫరవాలేదు, విననీ. నీకు మాటలు రాకపోతే ఊరికే పట్టుకుని ఉండు, నేను ఈ పక్క ఉంటాను. మసరత్‌ను అడగని మాట నిన్ను అడుగుతాను. నువ్వు చెప్పేదాకా నేను ఫోను పెట్టను.

ఇట్లు,
చేతిలో పనంతా కింద పెట్టి నీ ఫోను కోసం కూర్చున్న
మీ అమ్మ,
దిల్షాద్‌బీ