కొండ మీద తెరచాప

అనకాపల్లి,
12-1-1947

ప్రకృతి చిత్రకారులు త్రినాధరావుగారికి, అనగా మా బావకి,

నూకరత్నం నమస్కారాలు. ఈ బిరుదు నేను పెట్టింది కాదు. పెళ్లాన్నయిన నాకు రాసిన ఉత్తరం కింద కూడా నువ్వే అలా సంతకం చేసుకున్నావు. అమ్మా నేనూ బాగానే ఉన్నాం. స్టూడియో కూడా బాగానే ఉంది. నువ్వు లేకపోయినా ఫొటోలు కడుగుతూనే ఉన్నాను, నువ్వు ఉన్నప్పుడూ కడిగింది నేనే కదా.

నీ కొండ ఫొటోకి మద్రాసు ప్రదర్శనలో పతకం వచ్చిన సంగతి ఇక్కడ తెలియనివాళ్లు లేరు. బెల్లం షావుకారు దాన్నే ఈ ఏటి క్యాలెండరుగా అచ్చు వేయించాడు. బజారులో ఏ కొట్లోకి వెళ్లినా నీ కొండే, దాని కింద షావుకారు పేరు, రెండింటి మీదా ఈగలు. జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఎంత ఎత్తు, ఎంత మబ్బు, మనిషి కాలు పెట్టని చోటట అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఏటా గొలుగొండ మీదుగా వెళ్లొచ్చేవాళ్లు కూడా తమకి తెలిసిన కొండని గుర్తుపట్టకుండా క్యాలెండరుకి దణ్ణం పెడుతున్నారు. వీళ్ల కళ్లకంటే మన కెమెరా మూత నయం.

నువ్వు అక్కడ ఇచ్చిన ఉపన్యాసం పేపరులో చదివాను. పులులు తిరిగే అడవిలో మూడు రోజులు మబ్బు కోసం తపస్సు చేశావట. నిన్ను తీసుకెళ్లిన బండి ఎర్రయ్య మాత్రం ఆ మూడు రోజులూ నువ్వు దుప్పటి ముసుగేసుకుని క్వినైను మింగుతూ పడుకుని, బయల్దేరే ముందు లేచి ఒక్క ఫొటో తీశావని చెప్పాడు. నువ్వు తెచ్చిన గాజు ప్లేటులో ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంది. కొండ చూస్తే బోర్లించిన చాట. ఆ మబ్బులు మా నాన్న ఎప్పుడో రాంబిల్లి సముద్రం ఒడ్డున తీసిన ప్లేటులోవి. కొండ అంచు మేరకి నల్ల కాగితం కత్తిరించి అడ్డంపెట్టి, కింద నీ కొండ, పైన ఆ మబ్బులు ఒకే కాగితం మీద పడేలా వేసింది నేను. ఎన్లార్జరు కింద పలకని వాల్చి కొండని పైకి సాగదీసింది కూడా నేనే. మామ దగ్గర పదేళ్లు పని నేర్చుకుని, ఆయన కూతుర్ని చేసుకుని, ఇల్లరికం వచ్చి, ఆయన కెమెరా భుజాన వేసుకుని తిరిగావు గానీ నీకు పెన్సిలు ముల్లు చెక్కడం కూడా రాలేదు.

ఇంక ఆ గుడిసె, దాని పక్కన చోడి చేను. గొప్ప కొండకి మనుషులెందుకు, తీసెయ్యి అన్నావు. తీసేశాను. ప్లేటు మీద కత్తితో సన్నగా గీకి, గీకిన చోట పెన్సిలుతో చెట్లు నింపాను. నాలుగు రోజులు పట్టింది. ఆ పని ఎక్కడ జరిగిందో ఈ జిల్లాలో ఎవడూ పట్టుకోలేడు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు.

ఆ ప్లేటు చూపిస్తే మద్రాసులో పెద్ద స్టూడియోవాళ్లు హెడ్డు ఫొటోగ్రాఫరు ఉద్యోగం ఇస్తారని, పార్సెలు చెయ్యమని రాశావు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట. పంపుతాను, కంగారుపడకు. ఈలోగా నీ బొమ్మని ఒక్కసారి శ్రద్ధగా చూడు. ఏ కొండ మీదా ఉండనిది ఒకటి దాని మీద ఉంది. దొరికితే రాయి.

నీ బొమ్మకి మబ్బులు పోసిన
నూకరత్నం


అనకాపల్లి,
9-2-1947

బావకి,

కిందటి ఉత్తరంలో వేళాకోళం చేశాను. ఇప్పుడు చేయడం లేదు, నిదానంగా చదువు.

నిన్న ఉదయం స్టూడియో మెట్ల మీద ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఫొటో తీయించుకునేవాళ్లలా లేరు. ఆయన పేరు జోగి. కొండకింద నీ కెమెరా కాళ్లు మోసింది ఆయనేనట. నీకు గుర్తుండదులే, నువ్వు దుప్పట్లో ఉన్నావు. పక్కన ఆయన భార్య. ఆమె తల ఎత్తింది. ఆ మొహం నాకు తెలుసు బావా. నువ్వు తెచ్చిన ప్లేటులో గుడిసె గుమ్మంలో నువ్వుగింజంత మనిషి ఉంది. భూతద్దం కింద చూస్తే ఆడమనిషి, చంకలో బిడ్డ, కెమెరాకేసే చూస్తోంది. గుడిసె కంటే ముందు నేను ఆమెనే గీకాను. అంత చిన్న మొహాన్ని ఒక్క గీత పడకుండా తీయగలిగానని ఆ పూట మురిసిపోయాను కూడా. ఆమె పేరు తల్లమ్మ.

సంగతి ఏమిటంటే, ఆ వాలులో కలప కొట్టుకోవడానికి కంట్రాక్టరు నూకరాజు వేలం పాట పాడుకున్నాడు. అంతకుముందు నుంచీ అక్కడ చేలు చేసుకుంటున్నవాళ్ల జోలికి వెళ్లకూడదని షరతు ఉంది. వీళ్లు నిన్నగాక మొన్న వచ్చి గుడిసె వేశారని నూకరాజు చెప్పాడట. పై అధికారి సాక్ష్యం ఏదంటే తీసుకెళ్లి బల్ల మీద పరిచింది ఏమిటనుకున్నావు? నీ క్యాలెండరు. ఇది నలభై అయిదులో తీసిన ఫొటో, ఇందులో గుడిసె ఏది, చేను ఏది, మనిషి ఎక్కడ అని అడిగాడట. మార్చి అయిదున నర్సీపట్నంలో విచారణ. అప్పటికి వేరే రుజువు చూపించకపోతే వీళ్లు కొండ దిగిపోవాలి. ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి, కోత కోసిన చోళ్లు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి దిగుతారో ఎవరికీ అక్కరలేదు.

జోగి గోడకున్న క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వేలితో, తాకకుండా, చెట్లు నింపిన చోటే చూపించాడు.

"ఇక్కడే గదమ్మా మా యిల్లు. ఆ బాబు తీసినప్పుడు నాను కెమెరా కాళ్లు పట్టుకుని నిలబడ్డాను. మా యిల్లెలా పోయింది?"

నాన్న ఉన్నప్పుడు ఒక మాట అనేవాడు, నీ ముందే ఎన్నోసార్లు అన్నాడు. మొహం మీద మచ్చ తియ్యొచ్చు గానీ మొహం తియ్యకూడదని. మనిద్దరం కలిసి తీసేశాం. నువ్వు చెప్పావు, నేను చేశాను. పొగడ్తలకి నువ్వు పోయావు, పనితనానికి నేను పొంగిపోయాను. తేడా ఏమీ లేదు.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ చోట గుడిసె, చేను ఉన్నాయి, బొమ్మ అందం కోసం నేనే తీయించాను అని రెండు ముక్కలు రాసి ఆ అధికారికి పంపు. పతకం వెనక్కి అడుగుతారేమో. అడగనీ. ఇంటికి వచ్చేస్తే పెళ్లి ఫొటోలు తీసుకుని బతకలేమా? తిరుగు టపాలో జవాబు రాయి.

నీ
నూకరత్నం


అనకాపల్లి,
14-3-1947

బావా,

నీ జవాబు అందింది. కళ వేరు, సాక్ష్యం వేరు అని రాశావు. ఆడదానివి, కచేరీ వ్యవహారాల్లో నోరు పెట్టకు అని రాశావు. ప్లేటు వెంటనే పంపమని మూడుసార్లు రాశావు. ముగ్గురు పిల్లలున్న ఇంటి గురించి ఒక్క ముక్క లేదు. నీకు పిరికితనం ఉందని ఎప్పుడూ తెలుసు. అంతకు మించి ఏమీ లేదనుకునేదాన్ని. అది నా పొరపాటు.

అయిదో తారీకున ఎర్రయ్య బండి కట్టించుకుని, ప్లేటు దూదిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని నర్సీపట్నం వెళ్లాను. అధికారి కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి. ఆ గుడిసెని గీకింది నేనే అని అందరి ముందూ చెప్పాను. నూకరాజు పడీపడీ నవ్వాడు. ఆడవాళ్లు ఫొటోలు దిద్దడమేమిటన్నాడు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీసి చదివాడు. ఈ చిత్రం కెమెరా చూసింది చూసినట్టు ఉన్నదని, ఇందులో ఎవరి చెయ్యీ పడలేదని, కింద నీ సంతకం, నీ బిరుదు. నాకు జవాబు రాసిన రోజే వాడికీ రాశావు. తారీకు చూశాను.

అధికారి ప్లేటు వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. గీతలేమీ కనబడడం లేదే అన్నాడు. నా పనితనం అలాంటిది మరి. నా చేతులే నా నోరు నొక్కేశాయి. జోగి నేలకేసి చూస్తున్నాడు. తల్లమ్మ మాత్రం నాకేసే చూస్తోంది, ఆ ప్లేటులో చూసినట్టే.

"సెప్పమ్మా," అంది. "నాను అక్కడ ఉన్నానని నీకు తెలుసు గదా."

అప్పుడు క్యాలెండరు తెప్పించమని అడిగాను. నిన్ను వెతకమన్నది ఇంకా నీకు దొరకలేదు కదూ? ఎడమ శిఖరం పక్కన కొండ కాస్త లోపలికి వంగుతుంది. నా నల్ల కాగితం అక్కడ వెంట్రుకవాసి జారింది. మళ్లీ వేద్దామంటే అంత పెద్ద ఫొటో కాగితం దొరకని రోజులు. నువ్వు చూసి తిడతావని ఎదురుచూశాను, నువ్వు చూడనే లేదు. అధికారికి భూతద్దం ఇచ్చి, అక్కడ ఏముందో చెప్పమన్నాను. ఆయన చాలాసేపు వంగి చూశాడు.

"తెరచాప," అన్నాడు.

అవును, రాంబిల్లి జాలరి పడవ తెరచాప కొస, ముక్కోణంగా, తాడుతో సహా, గొలుగొండ కొండల మీద. గొలుగొండ కొండ వెనక సముద్రం ఎక్కడుందో కంట్రాక్టరుగారిని అడగండి అన్నాను. నూకరాజు నవ్వు అక్కడ ఆగింది. ఆ మబ్బుల అసలు ప్లేటు కూడా పట్టుకెళ్లాను. దాని మీద నాన్న రాత, రాంబిల్లి అని, తారీకుతో. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆడది దిద్దలేదన్నవాడి ముందే కత్తి తీసి, ఆయన బల్ల మీద నాన్న తీసిన పాత పెళ్లి ప్లేటులో పెళ్లికొడుక్కి లేని మీసం గీకి చూపించాను. జోగి కుటుంబం ఉన్నచోటే ఉండొచ్చని, నూకరాజుని ఆ వాలు వదిలేసి పక్క వాలులో కలప కొట్టుకోమని ఉత్తర్వు రాశారు. నీ ప్లేటు అక్కడే ఉంచుకున్నారు, నీ ఉత్తరం ఆ ఫైలులో కుట్టుకున్నారు. కావాలంటే వెళ్లి అడుగు.

ప్రదర్శనవాళ్లకి కూడా నేనే రాశాను. ఇంకొకరు చెప్పేలోగా మన తప్పు మనమే చెప్పుకోవాలి కదా. ఇక బజారు సంగతి. మొన్నటిదాకా దణ్ణాలు పెట్టినవాళ్లే ఇప్పుడు క్యాలెండరు దగ్గర చేరి తెరచాప వెతుక్కుని నవ్వుకుంటున్నారు. వీళ్లకి అప్పుడూ కొండ కనబడలేదు, ఇప్పుడూ కనబడలేదు.

మొన్న నాన్న కెమెరా పట్టుకుని నేనే కొండకి వెళ్లాను. జోగి మళ్లీ కెమెరా కాళ్లు మోశాడు. తల్లమ్మని గుమ్మంలో నిలబడమన్నాను. బిడ్డని చంకనేసుకుని నిలబడింది. నేను నల్లగుడ్డ కప్పుకోబోతుంటే ఒక్క మాట అడిగింది.

"ఈపాలి నన్ను ఉంచుతావా అమ్మా?"

నువ్వయితే ఏదో ఒకటి అందంగా చెప్పేవాడివి. నేను తల ఊపాను.

ఆ ప్రింటు ఇందులో పెట్టి పంపుతున్నాను. కొండ చాటంతే ఉంది. ఆకాశం సున్నం గోడలా ఉంది. గుడిసె, చేను, పొగ, మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. పెన్సిలు గానీ కత్తి గానీ ముట్టలేదు. వెనక తీసినది ఎవరో రాశాను, చదువుకో.

స్టూడియో తలుపు నీకు వేసి లేదు. వస్తే రా. వచ్చినప్పుడు ముందు పెన్సిలు చెక్కడం నేర్పుతాను.

ఇట్లు,
ఫొటోగ్రాఫరు నూకరత్నం