నాలుగు వేల మిరపకాయలూ ఒక కోడీ

10 మే 2003, శనివారం. పర్చూరు

ఈ ఉదయం ఎలా గడిచిందో రాసిపెడుతున్నాను. పని మొదలుపెట్టిన రోజు గుర్తుండాలి.

4:30కి ఫజర్ నమాజు. వాకిలి ఊడ్చాను. పంపు వచ్చింది. రెండో బిందె నిండకముందే పోయింది. ఆరింటికి గుడ్లు పొయ్యిమీద పెట్టాను. మా ఇంట్లో గుడ్డుకు గడియారం చూడం. నీళ్లు మరిగాక సుభానల్లా అనుకుంటూ వంద పూసల తస్బీ అయిదుసార్లు తిప్పితే గుడ్డు ఉడుకుతుంది. అమ్మ నేర్పిన లెక్క. ఇంతవరకు తప్పలేదు.

ఏడింటికి మెహర్ కంప్యూటర్ ముందు కూర్చుంది. మెహర్ మా తమ్ముడు అయూబ్ కూతురు. గుంటూరులో యానిమేషన్ కోర్సు చేస్తోంది. 24వ తేదీకల్లా ఒక నిమిషం సినిమా చేసి సీడీలో ఇవ్వాలి. ఎనభై మంది ఇస్తారు. ఇరవై మందిని రెండో రౌండుకు పిలుస్తారు. అందులో నెగ్గినవాళ్లకు ఉద్యోగం.

సినిమా కథ: కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఒక కోడి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది. అంతే.

కోడి నడవడం లేదు. అడుగు వేస్తుంది, ఆగుతుంది. మళ్లీ అడుగు వేసేలోగా నేను టీ తాగేశాను.

"కాయలెన్ని పెట్టావే?" అన్నాను.

"నాలుగు వేలత్తా."

"కొన్ని తీసెయ్."

"తీసేస్తే అది కల్లం అవుద్దా? కూరలోకి తెచ్చుకున్నట్టుంటది."

నిజమే.

అయూబ్ స్క్రూడ్రైవరు పట్టుకొచ్చాడు. తెర మీద బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు. మాది పాతది, సెకండ్ హ్యాండు. దాని వేగం 175. ఒక చిన్న ప్రోగ్రాంలో ఆ అంకెను పైకి జరిపితే కోడి నడుస్తుందంటాడు. ఓవర్‌క్లాకింగ్ అంటారట. పోయిన నెల ఇలాగే ఒక కార్డును ఒక్క ఊపున 240కి తీసుకెళ్లాడు. కాల్చాడు.

"మీరు గనక ముట్టుకుంటే నేను పుట్టింటికి పోతా" అంది మరదలు ఖుర్షిదా.

"మీ పుట్టిల్లు పక్క సందేగా. సాయంత్రానికి వచ్చేస్తావులే" అన్నాడు అయూబ్.

నేను చేస్తానన్నాను. ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషిని. తీగలంటే భయం లేదు. తొందర అసలే లేదు. అయూబ్ నెట్ సెంటర్లో తీయించిన కాగితాలు నాలుగున్నాయి. వాడు చదవలేదు. నేను చదివాను.

తీర్మానం:
1. రోజుకు అయిదే పెంచాలి.
2. 200 దాటకూడదు. పాత కార్డు అంతకుమించి మోయదు.
3. పెంచిన ప్రతిసారీ అరగంట కోడిని నడిపించి చూడాలి. చుక్కలో గీతలో కనిపిస్తే అంకె వెనక్కి.
4. ఈ కార్డుకు వేడి కొలిచే ఏర్పాటు లేదు. దాని మీది అల్యూమినియం పలకకు వేలు ఆనించి ముప్పై మూడు సుభానల్లాలు అనగలగాలి. ఈలోగా వేలు తీయాల్సివస్తే అంకె వెనక్కి.
5. తొందర వద్దు.

పెట్టె పక్క రేకు విప్పించి, టేబుల్ ఫ్యాను అటు తిప్పించాను.

11 మే

180. వేలు: 33. సుఖంగా ఉంది. చుక్కలు లేవు. అల్‌హందులిల్లా.

12 మే

185. వేలు: 33. ఇంత సులువైన పనిని అయూబ్ ఎలా చెడగొట్టాడో!

13 మే

పొద్దున పదకొండు నుంచి సాయంత్రం దాకా కరెంటు లేదు. కార్డుకు సెలవు.

14 మే

195. నిన్న తప్పిపోయిన అయిదు ఈరోజు కలిపాను. తప్పిన నమాజును తర్వాత చేసుకోవడం ఉంది కదా. ఇదీ అంతే.

వేలు: 33. చివరి మూడూ కొంచెం కష్టమయ్యాయి.

15 మే

200. అయిపోయింది!

వేలు: 24 దగ్గర తీశాను. ఎండ 44 ఉంది. ఈ ఎండలో ముప్పై మూడు అనుకోవడం అసలు నాదే పొరపాటు. నాలుగో నిబంధనను 21కి సవరించాను.

"కోడి ఏమైనా తేడాగా నడుస్తోందా?" అని మెహర్‌ను అడిగాను.

చాలాసేపు చూసింది. "కొంచెం... హుషారుగా ఉందత్తా."

నా మనసు నొప్పించకూడదని అంది. అయినా పని సాగుతోందట, ఇక చాలట. చాలు.

16 మే, శుక్రవారం

200. ముట్టుకోలేదు.

ముట్టుకోలేదు గానీ రెండుసార్లు వెళ్లి చూశాను.

17 మే

205. తెల్లవారుజామున చేశాను. అప్పుడు చల్లగా ఉంటుంది. 200 పరిమితి మధ్యాహ్నపు ఎండకు రాసినది అయివుండాలి. కాగితంలో వేళ లేదు.

వేలు: 21.

ఖుర్షిదాతో చెప్పలేదు. అడగలేదు కాబట్టి.

18 మే

210. వేలు: 21.

అయూబ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను గమనించలేదు.

"అక్కా, కార్డు సంగతేమోగానీ నీ తస్బీ స్పీడు మాత్రం బాగా పెరిగింది" అన్నాడు.

"పోరా" అన్నాను.

వాడు వెళ్లాక మళ్లీ వేలు పెట్టాను. ఒక్కొక్క మాటా నిండుగా పలుకుతూ చదివాను. తొమ్మిదికే తీయాల్సివచ్చింది.

పుస్తకంలో 21 అనే ఉంచాను.

19 మే, సోమవారం

కోడి మెడ మీద పచ్చ చుక్కలు. నడుస్తూ నడుస్తూ తల ఒకవైపు ఉంటోంది, ఒళ్లు ఒకవైపు ఉంటోంది.

"వదినా, దానికి కొక్కెర తెగులు తగిలినట్టుందే" అంది ఖుర్షిదా.

"వస్తుంది, పోతుంది" అన్నాను.

మూడో నిబంధన ప్రకారం వెనక్కి రావాలి. వచ్చాను. 208. ఇది వెనక్కి రావడమే.

చుక్కలు తగ్గాయి. పోలేదు.

20 మే

ఎండ 45. జబ్బు కార్డుది కాదు, ఊరిది.

అయూబ్ చిలకలూరిపేట రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజిలో మెషిన్ ఆపరేటరు. భోజనాల దగ్గర అడిగాను.

"ఒరే, మీ కోల్డ్ స్టోరేజిలో ఎంత ఉంటుంది?"

"గదిలో ఏడు డిగ్రీలక్కా."

"ప్లగ్గు పాయింటు ఉందా?"

వాడి చేతిలో ముద్ద ఆగిపోయింది. ఖుర్షిదా నా ముఖం చూసింది. నేను మజ్జిగ పోసుకున్నాను.

21 మే, బుధవారం

వరుసగా రాస్తాను.

8:30. పెట్టెను దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్లాం. మెహర్ తెరను ఒళ్లో పెట్టుకుంది. మేనేజరు ఊళ్లో లేడు. వాచ్‌మన్ బుల్లయ్య గేటు దగ్గర ఆపాడు.

"లోపలికి పోయేది ఏదైనా బుక్కులో రాయాల్సిందే. ఎన్ని బస్తాలు?"

"ఒకటి" అన్నాడు అయూబ్.

"రకం?"

"నాటు."

రాసుకున్నాడు.

9:15. బస్తాల గదిలో తలుపు పక్కన బల్ల వేశారు. ఘాటుకు ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం. నేను శాలువా కప్పుకున్నాను. మే నెలలో!

9:40. 215. చుక్కలు లేవు.

10:00. 225. లేవు.

10:20. 240. లేవు! వేలు పెట్టాను. నిదానంగా, నిండుగా చదివాను. వంద పూసలూ తిరిగాయి. వేలికి చలేసింది.

ఇది అయూబ్ కాల్చిన అంకె. నేను కాల్చలేదు. (ఈ వాక్యం గర్వంగా ఉంది. కొట్టేయాలి.)

మెహర్ దుప్పటి ముసుగేసుకుని పనిచేసింది. కోడి ఆగకుండా కల్లం దాటింది. "అత్తా, నడిచింది చూడు!" అని నా మెడ కావలించుకుంది. ముక్కు మంచులా ఉంది.

12:00. బుల్లయ్య వచ్చి, మేనేజరు వస్తున్నానని ఫోను చేశాడన్నాడు. దుప్పట్లో చుట్టి బయల్దేరాం. చివరి రెండు సెకన్ల సినిమా మిగిలింది.

12:50. ఇల్లు. దుప్పటి తీస్తే పెట్టె కూజాలాగా చెమట పట్టివుంది. తుండుతో పైన తుడిచాను.

"అక్కా, ఆగు" అన్నాడు అయూబ్. "లోపలా పట్టుంటది. బయటికి తెచ్చిన బస్తానే మేం వెంటనే విప్పం. సాయంత్రందాకా ఆరనీ."

"రెండు సెకన్లేరా మిగిలింది."

"జుహర్ వేళయింది. ముందు నమాజన్నా చేసుకుని రా."

స్విచ్చి వేశాను.

టప్ మంది. అంతే. పెద్ద శబ్దం కూడా కాదు. తర్వాత వాసన.

అయూబ్ ప్లగ్గు పీకాడు. వాడు ఏదో ఒకటి అనివుంటే బాగుండేది.

1:20. జుహర్. నమాజులో నాలుగు రకాతులకు ఎన్ని చేశానో గుర్తు లేదు. మళ్లీ చేశాను.

22 మే

అయూబూ నేనూ పెట్టెను చీరాల తీసుకెళ్లాం. వీరబాబు కంప్యూటర్లు బాగుచేస్తాడు. రేకు తీసి, కార్డు పలక మీద ఉఫ్ మని ఊది, పది తుమ్ములు తుమ్మాడు.

"ఏందమ్మా, ఇందులో పచ్చడి గానీ పట్టారా?"

జరిగింది చెప్పాను. మొత్తం విన్నాడు.

"పదేళ్లలో కంప్యూటరు కాల్చినోళ్లని చాలామందిని చూశా. చలికి తీసుకుపోయి కాల్చినోళ్లని చూళ్లా."

కార్డు పోయింది. మిగతావన్నీ బతికున్నాయి. కోడీ కాయలూ భద్రం. పెట్టెలోనే నాసిరకం బొమ్మ చూపించే ఏర్పాటు ఒకటి ఉందట, దానికి తగిలించి ఇచ్చాడు. నాలుగు వేల కాయల్ని అది చచ్చినా మోయదన్నాడు. ఆయన దగ్గర ఇంకొక కార్డు ఉంది గానీ మరమ్మతులో ఉంది. శనివారం గానీ రాదు.

శనివారమే 24.

23 మే, శుక్రవారం

ఉదయం 6:00. మెహర్ పక్కన కూర్చున్నాను. సినిమా తెరుచుకోవడానికే అరగంట పట్టింది. కోడి మీద నొక్కితే కంప్యూటరు బిగుసుకుపోయింది. మూడుసార్లు.

"మెహర్, నేను 200 దగ్గర ఆపలేదు. నీకు చెప్పకుండా 210 దాకా తీసుకెళ్లాను."

"తెలుసత్తా. అంకె తెర మూల కనపడుతూనే ఉంటది."

"మరి అడగలేదేం?"

"నువ్వు అంత సంతోషంగా ఉండటం ఎప్పుడూ చూళ్లేదు. ఎట్టా అడగను?"

మొన్న స్విచ్చి వేసినదానికి క్షమించమన్నాను. నా చేయి పట్టుకుని, రెండో చేత్తో కాయలు తీసేయడం మొదలుపెట్టింది.

వెయ్యి తీసింది. బిగుసుకుంది. రెండు వేలు. బిగుసుకుంది. మూడు వేల తొమ్మిది వందల ఎనభై తీసింది. కోడి కదిలింది.

ఖాళీ నేల. అక్కడక్కడా ఇరవై కాయలు. కోడి ఒక్కొక్కటి పొడిచి చూస్తూ ఆ చివరకు పోతుంది.

మెహర్ గడ్డం కింద చేయి పెట్టుకుని చాలాసేపు చూసింది. "సరుకు ఎత్తేశాక కల్లం ఇట్టాగే ఉంటది కదత్తా" అంది.

"ఇలాగే ఉంటుంది. ఊడ్చిన గీతలు కూడా ఉంటాయి."

గీతలు పెట్టింది.

11:00. సినిమా తయారుకావడానికి మీట నొక్కింది. ఏడు గంటలు పడుతుందట. ఈలోగా కరెంటు పోతే అంతా పోయినట్టే.

దువా చేస్తూ కూర్చున్నాను. లెక్కపెట్టలేదు.

6:10. తయారైంది. మెహర్ సీడీలోకి ఎక్కించింది. 6:25కి కరెంటు పోయింది.

24 మే, శనివారం

తెల్లవారి బస్సుకు మెహర్‌ను తీసుకుని అయూబ్ గుంటూరు వెళ్లాడు. సాయంత్రం అయిదింటికి వచ్చారు. వస్తూ చీరాలలో దిగి వీరబాబు దగ్గరి కార్డు తెచ్చారు.

సారు సినిమాను రెండుసార్లు వేయించుకుని చూశారట. "కల్లం అన్నావు, సరుకేదమ్మా?" అని అడిగారట.

"కోల్డ్ స్టోరేజిలో ఉంది సార్" అందట మెహర్.

ఒంటిగంటకు జాబితా అతికించారు. ఇరవై పేర్లు. మెహర్‌ది పద్నాలుగోది. ఖుర్షిదా కూతురి నుదుటి మీద ముద్దు పెట్టి, ఒంటరిగా వంటింట్లోకి వెళ్లి కాసేపు ఉండి వచ్చింది.

రెండో సినిమా జూన్ 30లోగా ఇవ్వాలి. ఈసారి సరుకు బయటికి తీస్తానంది మెహర్. నాలుగు వేలూ.

మగ్రిబ్ నమాజు తర్వాత నలుగురం కూర్చున్నాం. కొత్తగా వచ్చిన కార్డు పాతదానికంటే పాతది. దాని వేగం 143.

"ఇక దాన్ని అక్క చేతిలో పెట్టొద్దు" అన్నాడు అయూబ్.

"మీ చేతిలో పెట్టాలా?" అంది ఖుర్షిదా.

వాడు స్క్రూడ్రైవరు వెనక్కి దాచుకున్నాడు.

"అత్తే చేయాలి" అంది మెహర్. "అత్త రాసిపెడుద్ది. నాన్న అదీ రాయడు."

"చేస్తే చేయండి వదినా" అంది ఖుర్షిదా. "కానీ తస్బీ ఆ గదిలోకి రాకూడదు. దేవుడి పేరుతో కార్డు వేడి కొలవొద్దు. వేలు మీరు పెట్టండి, గడియారం నేను చూస్తా."

ఇది నేను అనాల్సిన మాట. తనే అంది. ఒప్పుకున్నాను.

చివరికి ఖాయమైనవి: రోజుకు ఒకటే. పరిమితి 160. వేలు నాది, గడియారం ఖుర్షిదాది. స్క్రూడ్రైవరు బియ్యం డబ్బాలో. పెట్టె గడప దాటకూడదు. అయూబ్ చూడవచ్చు, మాట్లాడకూడదు.

రేపు 144.

జూన్ 30కి ముప్పై ఏడు రోజులున్నాయి. రోజుకు ఒకటి చొప్పున 180 అవుతుందని లెక్కగట్టి చెప్పాను. ముగ్గురూ ఒకేసారి 160 అన్నారు.