పడుగు పట్టే నేల

అక్షయ నామ సంవత్సరం ఆశ్వయుజ మాసం, అనగా 1986వ సంవత్సరం అక్టోబరు నెల 19వ తేదీ ఆదివారం నాడు, చిత్తూరు జిల్లా నగరి నేతవీధిలో కాపురముంటున్న కీర్తిశేషులు వెంకటముని గారి భార్య వరదమ్మ అనే నేను, అరవై మూడేళ్ళ వయసులో, మనసు నా స్వాధీనంలో ఉండగా, ఒకరు బెదిరించకుండా, ఒకరు బుజ్జగించకుండా, నా అంతట నేను చెప్పి రాయించిన వీలునామా ఏమనగా:

నా బుద్ధికి ఏ లోటూ లేదు. గుండె ఒక్కటే మాట వినడం లేదు. డాక్టరు ముఖం చూస్తే వచ్చే ఎండాకాలం దాకా ఉంటానని నమ్మకం కుదరలేదు. ఈ కాగితం రాస్తున్న దస్తావేజు లేఖరి జయరావు నా మాటలను సరిచేస్తానని పొద్దుటినుంచి అంటున్నాడు. వద్దన్నాను. చట్టానికి కావలసిన మాటలు ఆయన వేసుకోవచ్చు. తక్కినవి నేను చెప్పినట్టే ఉండాలి.

నాకు సంతానం లేదు. నా తర్వాత నా ఆస్తి మీద నా మరిది కొడుకు పరంధామయ్యకు ఆశ ఉంది. ఉండడంలో తప్పు లేదు. కానీ ఏది వాడిదో, ఏది కాదో నేను బతికుండగానే తేలాలి. అందుకే ఈ వీలునామా.

1. నా భర్త వైపునుంచి నాకు సంక్రమించిన మిద్దె ఇల్లు, వెనక పెరడు, బావిలో సగభాగంతో సహా, పైన చెప్పిన పరంధామయ్యకు సర్వహక్కులతో చెందవలసినది. వాడికి ఉగ్గుపాలు పోసింది నేను. వాడు చెడ్డవాడు కాదు. పవర్‌లూములు పెట్టినప్పటినుంచీ వాడికి కంటినిండా నిద్ర లేదు, అంతే. ఇంటి తలుపు వానాకాలంలో బిగుసుకుంటుంది, కొంచెం పైకెత్తి తోయాలి.

2. నా స్వార్జితమైన ఖాళీ స్థలం, నలభై గజాల పొడవు, నాలుగు గజాల వెడల్పు గలది. దీని చెక్కుబందీ: తూర్పున పరంధామయ్య పవర్‌లూం షెడ్డు, పడమర నూనె మిల్లు గోడ, దక్షిణాన కాలువ, ఉత్తరాన నేతవీధి. ఈ స్థలం పంకజాక్షి మహిళా నేత సంఘానికి చెందవలసినది. అమ్మడానికి, తాకట్టుకు, బాడుగకు ఎవరికీ హక్కు లేదు. లారీ తిరగడానికి దోవ కావాలని పరంధామయ్య పోయిన నెలలో కూడా అడిగాడు. ఇల్లు కట్టుకోవడానికి చాలని, చెట్టు వేసుకోవడానికి రాని సందు మీకెందుకు పెద్దమ్మా అన్నాడు. వాడికి అర్థం కాకపోవడం సహజమే. వాడి మగ్గాలకు గంజి పెట్టిన పడుగు మిల్లునుంచి చుట్టుకునే వస్తుంది.

రేపు కోర్టులో ఈ కాగితం చదివేవారికి ఆ పని తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. పడుగును, అంటే బట్టకు పొడుగునా వచ్చే దారాలను, మగ్గానికి ఎక్కించేముందు వీధి పొడుగునా చాచి గంజి పట్టించాలి. గంజి ఆరేలోపల రెండు పక్కలా మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతూ, తెగిన పోగు అతుకుతూ పోవాలి. ఎండ ముదరకముందే, గాలి లేవకముందే ముగించాలి. ఒక ఇంటివారితో అయ్యే పని కాదు. అందుకని మా వీధిలో ఒక మర్యాద ఉండేది. ఎవరి పడుగైనా సరే, చాచినది కంటపడితే చేతిలో పని వదిలేసి వచ్చి పట్టుకోవాలి. పిలవడం అనేది లేదు. పిలవాల్సి వచ్చిందంటే పిలిచినవాళ్ళకూ తలవంపులే, పిలిపించుకున్నవాళ్ళకూ తలవంపులే.

1974లో, నా భర్త పోయిన మరుసటి ఏడు, మా పక్కింటి పంకజాక్షి కూడా భర్తను పోగొట్టుకుంది. ఆమె మా వీధి పెద్ద మునిరామయ్య తమ్ముడి భార్య. నాకంటే చాలా చిన్నది. రెండు ఇళ్ళలో రెండు మగ్గాలు ఊరికే పడి ఉన్నాయి. కండెలు చుట్టడం, గంజి కాచడం, పోగు అతకడం అన్నీ ఆడవాళ్ళమే చేసేవాళ్ళం, మగ్గంగుంటలో కాళ్ళు పెట్టి కూచుని నేయడం తప్ప. అది కూడా చేద్దామక్కా అని మొదట అన్నది పంకజాక్షే. కుప్పమ్మ మూడో మనిషిగా చేరింది. బడిపంతులమ్మ ప్రసూనాంబ గారు సంఘంగా ఏర్పడితే నూలు అప్పుగా దొరుకుతుందని చెప్పి అర్జీ రాసి ఇచ్చారు. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, మేము నేసి, మేము అమ్మి, మిగిలినదాంతో ఇంకొక దిక్కులేనిదానికి మగ్గం పెట్టించాలి అనేది మా ఆలోచన. దానికి పెద్ద పేర్లు ఏమైనా ఉంటే మాకు తెలియదు.

మొదటి పడుగు నాడు తెల్లవారకముందే వీధిలో చాచాము. పంకజాక్షి తల స్నానం చేసి, గంజి కుండకు పసుపు రాసింది. పడుగు మొత్తానికీ ఒక్కసారే గంజి పెట్టేశాము. వీధి వస్తుందని మాకు అనుమానమే లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ రాకుండా ఉన్న రోజు చూడలేదు కదా.

ఎవరూ రాలేదు. అరుగుల మీద నిలబడి చూశారు. మునిరామయ్య తన వాకిట్లోనుంచి అందరికీ వినపడేలా అన్నాడు: "మగ్గంగుంటలో కాలు పెట్టిన ఆడది మా ఇంటి మనిషి కాదు. ఆ పడుగు మీద ఎవురూ చెయ్యెయ్యొద్దండప్పా."

ముగ్గురం ఎంత పరుగెత్తినా ఆ కొస దువ్వేసరికి ఈ కొస ఆరిపోయింది. ఎండ ఎక్కేసరికి పడుగంతా చాపలా బిగుసుకుపోయింది. పంకజాక్షి వీధి మధ్యలో కూచుని పోగూ పోగూ గోటితో విడదీస్తూ ఉండిపోయింది. గోళ్ళలోనుంచి రక్తం కారింది. లేవమంటే లేవలేదు. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ ఏడుపు వస్తుంది. జయరావు కలం ఆపి కూచున్నాడు. రాయవయ్యా అన్నాను.

తర్వాత నాలుగేళ్ళు ఏట్లో నీళ్ళు లేని నెలలన్నీ ఇసుకలో పడుగు చాచాము. ఒకేసారి కాకుండా జానెడు జానెడుగా గంజి పెట్టడం నేర్చుకున్నాము. గాలికి ఇసుక లేచి గంజికి అంటుకునేది, మా గొంతుల్లో పడేది. ఆ పడుగుతో నేసిన తువ్వాళ్ళను బండి తోలే చెంగల్రాయుడు బస్టాండుకు చేరిస్తే, నేను తిరుపతికి మోసుకుపోయి అంగళ్ళలో వేసేదాన్ని. నేసింది ఎవరో చెప్పొద్దమ్మా అని ఒక అంగడాయన సలహా ఇచ్చాడు. గుండు తుడుచుకునేవాడు నేసినదాని నుదుట బొట్టుందా అని చూస్తాడా నాయనా అన్నాను. ఆయన నవ్వి ఇంకో మూట తీసుకున్నాడు. అమ్మకం బాగానే ఉండేది. మనుషులమే అరిగిపోయాము. పంకజాక్షికి దగ్గు పట్టుకుంది. డాక్టర్లు దానికి ఇంకేదో కారణం చెప్పారు. నాకు మాత్రం ఆ ఇసుకే కనిపిస్తుంది.

నేల కొందామన్నది కూడా ఆమే. "ఒకరి మర్యాద కోసరం కాసుకోనుండొద్దక్కా. పడుగు చాచుకోను మనకంటూ ఇంత నేల ఉండాల" అంది. నా కమ్మలు, ఆమె గాజులు కలిపి ఈ సందు కొన్నాము. ఆమె పేర పెడితే అత్తింటివాళ్ళు పేచీ పెడతారని నా పేరు మీద రిజిస్టరు చేయించింది. కనుక కాగితంలో నాదైనా ఇది సగం ఆమెది. 1979 సంక్రాంతి దాటాక రిజిస్టరైంది. మాఘమాసంలో ఆమె పోయింది. ఈ నేల మీద ఒక్క పడుగైనా చూడలేదు.

ఆమె పాడెకు ముందువైపు భుజం పట్టింది మునిరామయ్య. వీధి వీధంతా వెంట నడిచింది. చచ్చిపోయాక ఆమె మళ్ళీ ఆ ఇంటి మనిషి అయింది. పడుగుకు రాని చెయ్యి పాడెకు వచ్చింది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాయిస్తున్నాను.

3. సంఘంలో ఇప్పుడున్న పదకొండు మగ్గాలు, గంజి కుండలు, కుంచెలు, షెడ్డు సంఘానివే. నా తర్వాత పెద్దరికం కుప్పమ్మది. కొత్తగా వచ్చినదాన్ని నీ మొగుడెట్లా పోయినాడు, ఎవరు వెళ్ళగొట్టినారు అని అడగవద్దు. పోగు అతకమని ఇవ్వండి, చెయ్యి చూడండి. అమ్ముడుపోతుందో లేదో చూసుకుని తర్వాతే అప్పు చేయండి. ఎవరైనా దయతో డబ్బిస్తామంటే దండం పెట్టి తువ్వాళ్ళు కొనుక్కోమనండి. ఆఫీసర్లు చూడడానికి వస్తే పూలదండలు కొనకండి, పని ఆపకండి.

4. నా కళ్ళజోడు కుప్పమ్మకు. ఇప్పటికే సగం పొద్దు ఆమె ముక్కు మీదే ఉంటోంది. అప్పు అర్జీ నాడు బ్యాంకులో ఒక ఆయన మగవాళ్ళ పూచీ కావాలంటే, "మగదిక్కుంటే మీకాడికెందుకు వస్తామయ్యా" అన్నది ఈమే. ఆయన బదిలీ అయిపోయాడు. ఎక్కడున్నాడో కనుక్కుని ఎర్రంచు తువ్వాలు ఒకటి పంపండి. తిట్టుకుంటూనే సంతకం పెట్టాడు పాపం.

5. నా భర్త ఆఖరుసారి నాకోసం నేసిన గంధం రంగు చీర, మడత విప్పనిది, పెట్టెలో ఉంది. అది మా సంఘంలో చేరిన గంగులమ్మకు. ఇరవై రెండేళ్ళ పిల్ల తెల్లచీరలో మగ్గం ముందు కూచుంటే నాకు చూడబుద్ధి కావడం లేదు. దాచుకోకూడదు. కట్టుకుని షెడ్డుకు రావాలి.

6. చెంగల్రాయుడికి ఇందులో ఏమీ రాయలేదు. ఈ వీలునామాలో ఏదైనా పొందేవాడు సాక్షిగా ఉంటే రేపు పేచీకి సందు దొరుకుతుందని జయరావు చెప్పాడు. అతను సాక్షి. కనుక నా రేడియో నిన్ననే చేతికిచ్చేశాను. ఈ వీలునామా నడిపించే బాధ్యత ప్రసూనాంబ గారిది.

7. నేను పోయాక వీధిలో ఎవరినీ పిలవవద్దు. చాటింపు వద్దు, కబురు వద్దు. నన్ను ఈ సందు పొడుగునా తీసుకుపోయి కాలువ గట్టు మీదుగా దాటించండి. ఎవరైనా వస్తే వాళ్ళంతట వాళ్ళు రావాలి. ఎవరూ రాకపోతే మా సంఘం ఆడవాళ్ళు మోయగలరు. తడి పడుగు కంటే బరువుండను.

8. షెడ్డు గుమ్మానికి వేలాడుతున్న పంకజాక్షి కుంచె, మునిరామయ్యకు చెందవలసినది. ఆమె పోయాక ఈ నేల మీద మొదటి పడుగు చాచిన రోజు, తెల్లవారుతుండగా ఆ చివర ఒక మనిషి పడుగు కొస కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూస్తే మునిరామయ్య. కుప్పమ్మ తరిమికొడతానంది. నేనే ఆపాను, పడుగు ఆరిపోతుందని. ఆనాటినుంచీ ఈ ఏడేళ్ళూ ఆయన ప్రతి పడుగుకూ వస్తూనే ఉన్నాడు. ఎవరూ పిలవరు. వస్తాడు, పట్టుకుంటాడు, పోతాడు. ఆయన ఒక మాట అనలేదు, నేను ఒక మాట అనలేదు. క్షమించానని రాయించమంటే నా వల్ల కాదు. ఆ రక్తం కారిన గోళ్ళు నావి కావు, క్షమించడానికి. కానీ ఆ చెయ్యి ఇన్నేళ్ళూ ఒట్టిగానే పడుగు పట్టుకుంది. దానికి ఒక కుంచె ఉండాలని అనిపించింది.

కొట్టివేత: పైన 8వ క్లాజు నా ఎదుట, నా సమ్మతితో కొట్టివేయబడినది. కారణం ఏమనగా:

రెండో సాక్షిగా వస్తానన్న నూలు అంగడాయన ఈ పొద్దు ఒంట్లో బాగాలేదని కబురు పంపాడు. పరంధామయ్యతో ఆయనకు వ్యాపారం ఉంది, నేను తప్పు పట్టను. ఇంకొకరిని అడిగితే ఇంకొక రకం జ్వరం వస్తుంది. రెండో సాక్షి లేకపోతే ఈ కాగితం చెల్లదని, వాయిదా వేద్దామని జయరావు అన్నాడు. నా గుండె వాయిదాలు ఒప్పుకునేలా లేదు. అప్పటిదాకా రాసినదంతా ఆయన, సందుకు ఎదురుగా ఉన్న ఈ సంఘం షెడ్డు అరుగు మీదే, నాకు గట్టిగా చదివి వినిపించాడు. ఈ పొద్దు పడుగు ఉండడంతో మునిరామయ్య సందు చివరే ఉన్నాడు. అంతా విన్నాడని మాకు తెలియదు. చదవడం అయ్యేసరికి చేతులకు గంజితోనే వచ్చి అరుగు దగ్గర నిలబడ్డాడు.

కుంచె పుచ్చుకుంటే సాక్షి కాకూడదు, సాక్షి అయితే కుంచె దక్కదు అని జయరావు ఆయనకు చెప్పాడు. సంతకం పెడితే పరంధామయ్యతోనూ వీధితోనూ చెడుతుందని కూడా చెప్పాడు. ఆయన గుమ్మానికున్న కుంచె వైపు చూశాడు. తర్వాత నాతో, పన్నెండేళ్ళలో మొదటిసారి మాట్లాడాడు. "కుంచె ఈడనే ఉండనీమ్మా. అది ఆ బిడ్డది. నేను సంతకం పెడతా."

కనుక కుంచె గుమ్మానికే ఉంటుంది. నేను ఆయన్ను పిలవలేదని, ఎవరూ పిలవలేదని, ఆయనంతట ఆయనే వచ్చాడని ఇందుమూలంగా రాయిస్తున్నాను.

ఇది నా ఆఖరి వీలునామా. అప్పు కాగితాల కోసం పంకజాక్షి నాకు పలక మీద నేర్పిన సంతకం కింద పెడుతున్నాను.

నగరి, 19-10-1986

(సంతకం) వరదమ్మ

లేఖరి: జయరావు

సాక్షులు:

1. చెంగల్రాయుడు, బండి తోలువాడు, నగరి.

2. మునిరామయ్య, పంకజాక్షి ఇంటి మనిషి.